‘క్విట్’: వెళ్ళడమా, విడుదలా?

మాటకు అర్థం నిఘంటువు చెబుతుంది. ఆ అర్థం ఎవరి అనుభవంలోంచి వచ్చిందో చెప్పవలసింది మాత్రం చరిత్ర. శబ్దవ్యుత్పత్తి అంటే మన సాహిత్య విద్యార్థులకు పరీక్షకోసం వల్లెవేసే పాఠం. భాషాశాస్త్రజ్ఞులకు అది ధ్వనుల మార్పు. రెండూ అవసరమే, కాదనను. కాని ఒక మాట ఎవరి నోట పుట్టింది, ఎవరి చేతిలో పడింది, ఎవరి మీద ప్రయోగమైంది అన్నది చూడకపోతే దాన్ని సగమే తెలుసుకున్నవాళ్ళమవుతాం. ఈ వ్యాసంలో నేను అలా పరిశీలించదలచుకున్నది ‘క్విట్’ అనే చిన్న ఇంగ్లీషు మాట.

తెలుగు పాఠం చెప్పుకునేవాడికి ఇంగ్లీషు మాటతో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. ఈ మాట మనకు పరాయిది కాదు. 1942 తర్వాత ఇంగ్లీషు అక్షరం ముక్క రాని పల్లెటూళ్ళలో కూడా వినిపించిన మాట ఇది. అంతకు చాలాముందే మన ఇనాం భూముల రికార్డుల్లోకి ఎక్కిన మాట కూడా. ఇవాళ ఇంగ్లీషులో ఉద్యోగం వదిలెయ్యడానికి, ఉన్న చోటు విడిచిపెట్టడానికి, అలవాటు మానుకోవడానికి ఈ మాటే వాడుతున్నారు. ఈ మూడింటిలోనూ కర్త వెళ్ళేవాడే. వాడికి వెళ్ళాలనిపించింది, వెళ్ళాడు. ఇందులో రెండోవాడి ప్రమేయం ఏమీ కనిపించదు. కాని ఈ మాట ఇంగ్లీషులోకి వచ్చిన తొలిరోజుల్లో దానికి వెళ్ళడం అనే అర్థం లేదు. రెండోవాడు ఒప్పుకుంటే తప్ప అది జరిగే పని కాదు.

మాట మూలం లాటిన్. ‘క్వియేస్’ అంటే విశ్రాంతి. దాని నుంచి వచ్చిన ‘క్వియేటుస్’ అంటే నెమ్మదిగా, అలజడి లేకుండా ఉన్నవాడు. ఇంగ్లీషులో నిశ్శబ్దాన్ని చెప్పే ‘క్వయిట్’ ఇక్కడిదే. బిడియాన్ని చెప్పే ‘కాయ్’ కూడా ఇదే మాట పాత ఫ్రెంచి దారిన తిరిగి రాగా మిగిలిన రూపం. ఇంకా వెనక్కి, ఇండో యూరోపియన్ ధాతువు దాకా వెళ్ళితే బంధువర్గం మరింత పెద్దది. కాసేపు అనే అర్థమున్న ‘వైల్’ ఆ ధాతువు నుంచి వచ్చిందే. పారశీకంలో సంతోషాన్ని చెప్పే ‘షాద్’ కూడా ఆ ధాతువుదే. ఆ ‘షాద్’ నుంచి వచ్చిన ‘షాదీ’ ఉర్దూ ద్వారా మన ఊళ్ళలోకి వచ్చి పెళ్ళి అయి కూర్చుంది. ఒకే ధాతువు ఒకచోట పెళ్ళయింది, ఇంకోచోట ఉద్యోగానికి రాజీనామా అయింది. వ్యుత్పత్తిని వినోదంగా చూసేవారికి ఇంతవరకు చాలు. మనం ఇక్కడ ఆగరాదు.

మధ్యయుగాల లాటిన్లో ‘క్వియేటుస్’ అర్థం మారింది. నెమ్మదిగా ఉన్నవాడు అనే అర్థం పోయి, అప్పు లేనివాడు, దావా లేనివాడు, చాకిరీ బాధ్యత నుంచి విడుదలైనవాడు అనే అర్థం వచ్చింది. ఇది వింత మార్పుగా తోచవచ్చు. కాని అప్పు చేసిన ఇంట పుట్టిన వారెవరికీ ఇందులో వింత కనిపించదు. గుమ్మం ముందు అప్పులవాడు నిలబడని రోజే మనిషికి నెమ్మది. మనశ్శాంతి మనసులో పుట్టేది అని వేదాంతులు చెబుతారు. ఈ మాట మాత్రం అది ఖాతాపుస్తకంలో పుడుతుందని చెబుతున్నది.

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించారు. కోర్టు భాష, జమీందారీ భాష ఫ్రెంచి అయింది. ఆ ఫ్రెంచి నుంచి ‘క్విట్’ సుమారు 1200 ప్రాంతంలో ఇంగ్లీషులో కనిపిస్తుంది. విశేషణంగా దాని అర్థం ‘విముక్తుడు’. క్రియగా ‘బాకీ తీర్చు, చెల్లించు’. దాని చుట్టూ ఒక కుటుంబమే పెరిగింది. నేరం నుంచి విడిపించడం ‘అక్విట్’. చేసినదానికి బదులు తీర్చడం ‘రిక్వైట్’. ఇద్దరి లెక్కా సమానమైతే ‘క్విట్స్’. పూర్తిగా, బొత్తిగా అనే అర్థంలో నేటికీ వాడే ‘క్వైట్’ కూడా ఇదే మాట: బాకీ ఏమీ మిగలకుండా తీరింది కనుక ‘పూర్తిగా’. బళ్ళో పిల్లలు క్విట్, క్వైట్, క్వయిట్ మూడింటి వర్ణక్రమాన్నీ కలిపేస్తుంటారు. ఇంగ్లీషు మాష్టార్లు కోప్పడతారు. మూడూ ఒక తల్లి బిడ్డలే కదా అని నేను స్టాఫ్ రూములో పిల్లల పక్షం వహిస్తుంటాను.

ఇంగ్లండు రాజుగారి ఖజానాకు ‘ఎక్స్‌చెకర్’ అని పేరు. చదరంగపు గళ్ళ గుడ్డ పరచి దానిమీద లెక్కలు చూసేవారు కనుక ఆ పేరు. షెరీఫులు ఏటా అక్కడ లెక్క అప్పగించాలి. 12వ శతాబ్దం నుంచి ఉన్న ఆ ఖాతాచుట్టల్లో, కట్టవలసిందంతా కట్టినవాడి పద్దు చివర లాటిన్లో ఒక ముక్తాయింపు ఉంటుంది: ‘క్వియేటుస్ ఎస్ట్’. వీడి లెక్క చెల్లు అని దాని భావం. ఆ రెండు మాటలు పడితేగాని షెరీఫుకు నిద్ర పట్టదు. షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ నాటకం మూడో అంకంలో రాకుమారుడు ఆత్మహత్యను గురించి తర్కించుకునే ప్రసిద్ధ స్వగతంలో చావుకు ఈ ‘క్వియేటుస్’ మాటనే వాడతాడు. చావును అతడు ముగిసిన ఖాతాగా చూశాడు. మన అధ్యాపకులు చాలామంది దీన్ని ‘శాంతి’ అని చెప్పి దాటిపోతారు. నిజానికి మనకు సరిగ్గా సరిపోయే పలుకుబడి ఉంది: ‘నూకలు చెల్లాయి’. ఈ భూమ్మీద తన పేర ఉన్న గింజలు ఖర్చయిపోయాయి, ఖాతా మూసేశారు. లండను గుమాస్తాకూ తెలుగు పల్లెకూ పరిచయం లేదు. అయినా చావును ఇద్దరూ లెక్కల భాషలోనే చెప్పారు.

ఇక భూమి సంగతి. భూస్వామ్య వ్యవస్థలో నేల దున్నుకునేవాడు ప్రభువుకు డబ్బే కాదు, చాకిరీ కూడా చెయ్యాలి. ఆ చాకిరీలకు బదులు ఏటా కొంత కట్టి మిగతా బాధ్యతల నుంచి ‘క్విట్’ కావడానికి ఒప్పుకున్న శిస్తు పేరు ‘క్విట్ రెంట్’. లండను నగరపాలక సంస్థ ఈ తంతును ఇప్పటికీ ఏటా న్యాయస్థానంలో జరుపుతుంది. ష్రాప్‌షైర్‌లోని ఒక నేలకు ఒక మొద్దు కత్తి, ఒక పదును కత్తి. స్ట్రాండ్ వీధి దగ్గర ఒకప్పుడున్న కొలిమికి 6 గుర్రపు నాడాలు, 61 మేకులు. మొదటిది 1211 నాటిది, రెండోది 1235 నాటిది. చూడవచ్చిన వారికి అదొక ముచ్చట. ఆ కాలపు సామాన్య రైతుకు మాత్రం ముచ్చట కాదు.

ఆ రైతుల్లో పెద్ద భాగం ‘విలీన్’లు, అంటే నేలకు కట్టుబడిన దాసులు. ప్రభువు సెలవు లేనిదే ఊరు దాటడానికి వీల్లేదు. బయట ఊళ్ళో బతకాలంటే ఏటా తలపన్ను కట్టాలి. 1348లో వచ్చిన ప్లేగు మహమ్మారికి జనం కుప్పకూలారు. పనివాళ్ళు కరువై కూలి పెరిగింది. వెంటనే పాలకవర్గం 1349లో ఒక శాసనం, 1351లో మరొక చట్టం చేసి పాత కూలికే పని చెయ్యాలన్నది. గడువు తీరకుండా పని వదిలిపెట్టడాన్ని నేరం చేసింది. కష్టజీవి కాళ్ళు కదిలితే ప్రభువుకు నష్టమన్న సత్యాన్ని రాజ్యం అంత స్పష్టంగా ఒప్పుకున్న సందర్భాలు తక్కువ.

ఈ కోపమే 1381 రైతుల తిరుగుబాటుగా పేలింది. జూన్ 14న మైల్ ఎండ్ దగ్గర పద్నాలుగేళ్ళ రాజు రెండో రిచర్డు రైతులకు ఎదురుపడ్డాడు. దాస్యం రద్దు కావాలి, ఎకరానికి నాలుగు పెన్నీల శిస్తు చాలు అన్నారు రైతులు. రాజు సరేనన్నాడు. గుమాస్తాలు కూర్చుని జిల్లా జిల్లాకూ విమోచన పత్రాలు రాశారు. అలా హెర్ట్‌ఫర్డ్‌షైర్ ప్రజలకిచ్చిన పత్రాన్ని వాల్సింగ్‌హామ్ అనే సన్యాసి తన చరిత్రలో భద్రపరిచాడు. దాస్యం నుంచి వారిని విడిపిస్తున్నామని చెప్పడానికి అందులో వాడిన లాటిన్ మాట ‘క్వియేటోస్’. మనం చర్చిస్తున్న మాటే! షెరీఫు లెక్క చివర పడే ఆ ముక్తాయింపు మొదటిసారిగా లక్షలాది మట్టిమనుషుల పేర పడింది. మర్నాడే నాయకుడు వాట్ టైలర్‌ను చంపేశారు. జూలై 2న రాజు ఆ పత్రాలన్నీ రద్దు చేశాడు. మాట ఇచ్చినవాడే మాటను వెనక్కి తీసుకున్నాడు. ‘క్విట్’ చరిత్రలో నాకు అన్నిటికంటె ముఖ్యంగా తోచేది ఈ పద్దెనిమిది రోజులు. దాస్యం తర్వాత క్రమంగా పోయింది. కాగితంమీది మాట వల్ల పోలేదు. పారిపోయిన కాళ్ళ వల్ల, పెరిగిన కూలి వల్ల పోయింది.

మరి ఈ మాటకు ‘వెళ్ళిపోవు’ అనే అర్థం ఎలా వచ్చింది? నిఘంటుకారులు దాన్ని సుమారు 1600 ప్రాంతానికి చెందినదిగా చూపుతారు. ‘మానుకొను’ అనే అర్థం మరికొంత తర్వాత, 1640ల నాటిది. దారి ఇలా సాగింది: మొదట అవతలివాణ్ణి బాకీ నుంచి విడిచిపెట్టడం, తర్వాత తన హక్కును తానే వదులుకోవడం, ఆ తర్వాత హక్కున్న చోటునే వదిలిపెట్టడం. దస్తావేజు భాషలో నేటికీ ఉన్న ‘క్విట్‌క్లెయిమ్’ ఆ నడిమి మెట్టు. ఫ్రెంచిలో ‘కితే’ అనే క్రియ కూడా ఇదే దారిన నడిచి వెళ్ళడం అనే అర్థానికి చేరింది. ఇందులో ఒక విషయం గమనార్హం. ఈ అర్థంలో మొదట ‘క్విట్’ చేయగలిగినవాడు వదులుకోవడానికి హక్కంటూ ఉన్నవాడు. ఏమీ లేనివాడు పారిపోతాడు, తరిమివేయబడతాడు, ‘క్విట్’ చెయ్యడు. వ్యాకరణంలో కర్త కావాలన్నా ఆస్తి ఉండవలసి వచ్చింది!

తర్వాతి మూడు శతాబ్దాల్లో ఈ మాట రెండు వైపులా పదునైన కత్తి అయింది. భూస్వామి చేతిలో అది ‘నోటీస్ టు క్విట్’. కౌలుదారు ఇల్లు, పొలం ఖాళీ చెయ్యాలనే తాఖీదు. 19వ శతాబ్దపు ఐర్లండు పల్లెల్లో ఈ కాగితం పేరు చెబితే పొయ్యి ఆరిపోయినట్టే. మన దేశంలో 1882 ఆస్తి బదిలీ చట్టం ఈ నోటీసుకు స్థానం కల్పించింది. ఇల్లు ఖాళీ చెయ్యమనే నోటీసు అందుకున్న అద్దెదారులకు ఆ భాష నేటికీ పరిచయమే. అదే సమయంలో కూలివాడు తనంతట తాను పని ‘క్విట్’ చేస్తే? ఇంగ్లండులో 1823 మాస్టర్ అండ్ సర్వెంట్ చట్టం ప్రకారం మూడు నెలల దాకా జైలు. యజమాని ఒప్పందం తప్పితే నేరం కాదు. పనివాడు తప్పితే నేరం. కార్మికోద్యమం పోరాడి 1875లో ఈ న్యాయాన్ని మార్పించింది. వలసదేశమైన మనకు 1859లో 13వ చట్టం వచ్చింది. బయానా పుచ్చుకున్న పనివాడు పని వదిలితే మూడు నెలల దాకా కఠినశిక్ష. ఇంగ్లండులో ఈ పద్ధతి పోయాక కూడా యాభై ఏళ్ళు మన నెత్తిన ఉండి, 1925లో గాని రద్దు కాలేదు. ఉన్నవాడు ‘క్విట్’ అంటే నోటీసు. లేనివాడు ‘క్విట్’ అంటే జైలు. మాట ఒకటే. వర్గం మారితే అర్థం మారింది.

మద్రాసు రాజధానిలో 1858లో ఇనాం కమిషన్ వేశారు. ఇనాందార్ల హక్కుపత్రాలు తనిఖీ చేసి, కొంత శిస్తు కట్టడానికి ఒప్పుకున్నవారికి భూమిని ఖాయం చేశారు. ఇంగ్లీషు కాగితాల్లో ఆ శిస్తు పేరు ‘క్విట్ రెంట్’. తెలుగు రెవిన్యూ భాషలో జోడి, కట్టుబడి. విముక్తి అనే మాట తెలుగు కరణం చేతిలో కట్టుబడి అయింది! పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ అనువాదాన్ని నేను తప్పుపట్టలేను. శిస్తు కట్టి విడుదలయ్యేవాడు ఒక వైపునుంచి చూస్తే విముక్తుడు, మరోవైపు నుంచి చూస్తే శాశ్వతంగా కట్టుబడినవాడు. ఇంగ్లీషువాడు మొదటిది చూశాడు, మన కరణం రెండోది చూశాడు. ఆంధ్ర ప్రాంతంలో 1956 చట్టంతో ఇనాములు రద్దయి రైత్వారీ అయ్యేదాకా ఈ జోడి, కట్టుబడులు సాగాయి.

ఈ నేపథ్యంలో 1942ను చూడాలి. ఆగస్టు 8న బొంబాయి గొవాలియా టాంక్ మైదానంలో కాంగ్రెసు తీర్మానం. ‘క్విట్ ఇండియా’ నినాదం యూసుఫ్ మెహర్ అలీ ఇచ్చినదని ప్రసిద్ధి. ఆయన ఆనాడు బొంబాయి నగర మేయరు. కమ్యూనిస్టులు ఆ ఉద్యమంతో కలిసిరాలేదు, దాన్ని గురించిన చర్చ వేరు. ఇక్కడ నా దృష్టి మాట మీద. ఐర్లండులో, ఇంగ్లండులో భూస్వామి కౌలుదారుకిచ్చిన తాఖీదునే కౌలుదార్లు భూస్వామికి తిరిగి ఇచ్చారు. కోర్టుభాష నేర్పినవాడి ముఖం మీదే ఆ కోర్టుభాష విసిరారు. మర్యాదగా ‘వెళ్ళండి’ అనే ఇంగ్లీషు మాటలు చాలా ఉన్నాయి. వాటిలో దేనికీ ఈ వాడి లేదు.

హిందీలో అది ‘భారత్ ఛోడో’ అయింది. మరాఠీలో ‘చలే జావ్’. తమిళంలో ‘వెళ్ళయనే వెళియేఱు’. మనం మాత్రం ఇంగ్లీషు మాటనే ఉంచుకున్నాం. తక్కిన భాషలన్నీ వెళ్ళడాన్ని అనువదించాయి. లెక్క తీరడం ఏ అనువాదంలోనూ రాలేదు. రాకపోవడం చిన్న సంగతి కాదు. యుద్ధం ముగిసేనాటికి బ్రిటను మన దేశానికి 100 కోట్ల పౌన్లకు మించి బాకీ పడింది. స్టెర్లింగ్ నిల్వలని చరిత్రకారులు రాసేది దాన్నే. వెళ్ళేవాడు బాకీదారుగా వెళ్ళాడు. రెండువందల ఏళ్ళలో తీసుకుపోయినదాన్ని ఆ లెక్కలో ఎవరూ రాయనేలేదు. కాబట్టి 1947లో వాళ్ళు ఇండియాను కొత్త అర్థంలో ‘క్విట్’ చేశారు. పాత అర్థంలో కాలేదు. పద్దు చివర ‘క్వియేటుస్ ఎస్ట్’ పడలేదు.

మన లెక్కలు మాత్రం తేలాయా? 1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా వచ్చి 1976లో చట్టమైన వెట్టి కార్మిక విధానం రద్దు చట్టాన్ని సాహిత్య విద్యార్థులు ఒక్కసారి చదవాలని నా కోరిక. దేశంలోని వెట్టి పద్ధతుల పేర్లు ఆ చట్టం ఒక పట్టికగా ఇస్తుంది. భగేలా, జీతా, పాలేరు, వెట్టి అన్నీ అందులో ఉన్నాయి. మన కథల్లో, నాటకాల్లో పాత్రలుగా ఎరిగిన మాటలు శాసనభాషలో నిలబడి ఉంటాయి. ఆ చట్టం ఏం చేసింది? వెట్టివాణ్ణి చాకిరీ బాధ్యత నుంచి విడుదల చేసింది, వాడి అప్పును రద్దు చేసింది. 1381 పత్రంలోని ‘క్వియేటోస్’ ఆరువందల ఏళ్ళ తర్వాత మన పాలేరు పేర పడిందన్నమాట. వెళ్ళే స్వేచ్ఛ ఇవ్వాలంటే ముందు అప్పు తుడిచెయ్యాలని ఆ చట్టం గుర్తించింది. బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంలో పాలేరు చదువువైపు నడవడాన్ని మనం ఆదర్శంగా మెచ్చుకుంటాం. అతని కాలికి కట్టిన బాకీని కూడా చూస్తేనే ఆ నడకలోని సాహసం అర్థమవుతుంది.

చట్టం వచ్చినా బయానా పోలేదు. నేటికీ ఇటుక బట్టీలకు వలసవచ్చే కుటుంబాలు సీజను మొదట్లో అడ్వాన్సు పుచ్చుకుంటాయి, ఆఖర్న లెక్క చూస్తారు. లెక్క తేలందే కదలనివ్వరు. ఇదిలా ఉండగా 2022లో ‘క్వయిట్ క్విట్టింగ్’ అనే కొత్త ప్రయోగం ఆఫీసు ఉద్యోగుల లోకంలో ప్రచారమైంది. ఉద్యోగం మానకుండానే, జీతానికి తగినంత పని మాత్రం చేసి ఊరుకోవడమట! రెండు మాటలూ ఒకే ‘క్వియేటుస్’ బిడ్డలని ఆ ప్రయోగం చేసినవారు ఎరిగే ఉండనక్కరలేదు. పుచ్చుకున్నదానికి చేసినది సమానం, మిగులు బాకీ లేదు అనే దాని భావం మాత్రం మాట పాత అర్థానికి దగ్గరగా వచ్చింది. యజమానులు దాన్ని సోమరితనమన్నారు. 1351లో కూడా అలాంటి మాటే అన్నారు.

తెలుగులో ఈ మాటకు సాటి ఏది? అనువాదకులు ‘విడిచిపెట్టు’, ‘వైదొలగు’, ‘నిష్క్రమించు’ అని రాస్తారు. సందర్భాన్నిబట్టి అవీ చెల్లుతాయి. కాని ఆ మాట ఆత్మ ఉన్నది ‘చెల్లు’లో. బాకీ చెల్లు, చెల్లుచీటి, చెల్లుకు చెల్లు, నూకలు చెల్లాయి. తీర్చడం, సమానం కావడం, వెళ్ళిపోవడం మూడూ ఈ ఒక్క ధాతువులో ఉన్నాయి. ఊరు వదిలేవాడు ‘ఈ ఊరితో ఋణం తీరిపోయింది’ అంటాడు. వెళ్ళడమంటే లెక్క తీరడమని మన జనానికి ఏ లాటినూ నేర్పలేదు. షావుకారు ఖాతా నేర్పింది.

రచయితలకు నేను చెప్పదలచినది ఇంతే. మన కథల్లో మనుషులు తరచు ఊళ్ళు వదిలి వెళుతుంటారు. బస్సెక్కుతారు, రైలెక్కుతారు, వెనక్కి తిరిగి చూస్తారు, కథ ముగుస్తుంది. ఆ వెళ్ళేవాడు చెల్లుచీటి పుచ్చుకుని వెళుతున్నాడా, బాకీతో పారిపోతున్నాడా, లేక తనకు రావలసింది రాకుండానే గెంటివేయబడ్డాడా? మూడింటికీ ఇవాళ ఇంగ్లీషులో ఒకే మాట చాలుతుందేమో గాని, కథకు చాలదు. ఎవరి బాకీ ఎవరి దగ్గర ఉండిపోయిందో రాసినప్పుడే ఆ ప్రయాణం పాఠకుడికి అర్థమవుతుంది.